మొండితోక దొరజాతి

ఆదినారాయణప్ప ఎద్దులబండి సందు మలుపు తిరగడం చూడగానే దస్తగిరి లేచి పెరటి తలుపు వైపు నడిచాడు. బండిలో ఒక కుక్క ఉంది. దాని పక్కన గుడ్డ కప్పిన గంప ఉంది. గంపలో ఏముంటాయో దస్తగిరికి తెలుసు. వాటి వెనక ఏముంటుందో కూడా తెలుసు.

పెరటి తలుపుకు అడ్డంగా అతని పెండ్లాం మైమూన్ నిలబడి ఉంది.

"యాడికి పోతాండావు?"

"ఈడికే. ఏటికాడికి."

"తోక ముడుస్తాండావని చెప్పు. నీకన్నా ఉంది ముడిచేదానికి. వాటికి అది గూడ లేకుండా చేస్తివి."

మైమూన్ మాటలో ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ప్రొద్దుటూరులో వీధికుక్కలను చంపే పని ఒక కంట్రాక్టరు పట్టాడు. చంపినందుకు సాక్ష్యం తోక. తోక తెచ్చినవాడికే కూలి. ఆ తోక ముందు ఉండవలసిన కుక్క ఏమైందని అడిగే ఓపిక ఆయనకు లేదు. ఆ కూలికి కుదిరిన దస్తగిరికి చంపడానికి చెయ్యి రాలేదు, పని మానడానికి కడుపు ఒప్పలేదు. అందుకని తోక మాత్రం కోసి కంట్రాక్టరుకు ఇచ్చాడు. కుక్కను పాడుబడ్డ సున్నపు బట్టీలో దాచి, పసుపూ ఆముదమూ పూసి, పుండు మానాక పల్లెల్లో ఇచ్చి వచ్చాడు.

అయితే వీధికుక్కను ఊరికే ఇస్తామన్నా ఎవరు తీసుకుంటారు? అందుకని, కత్తితో ఒక్క కోత కోసినవాడు నోటితో నాలుగు కోతలు కోశాడు. ఇది మొండితోక జాతి అన్నాడు. పుట్టుకతోనే తోక ఉండదన్నాడు. తెల్లదొరలు ఓడెక్కేటప్పుడు వదిలేసి పోయారు, పాపం దిక్కులేనివి అన్నాడు. జాతి అనేసరికి జనానికి ప్రీతి పుట్టింది. పులివెందులలో నలుగురు, జమ్మలమడుగు పక్క పల్లెల్లో అయిదుగురు అడిగి మరీ తీసుకుపోయారు. వాటికి కడుపునిండా పెడతారో లేదోనని దస్తగిరి పోతూ పోతూ ఒక బెదిరింపు కూడా పడేసి వచ్చేవాడు. సరిగ్గా చూసుకోకపోయినా, జాతి చెడినా, తానే వచ్చి కుక్కను వెనక్కి తీసుకుపోతానని.

తొమ్మిది కుక్కల పుండ్లూ మానాయి. కోసేటప్పుడు అవి పెట్టిన అరుపు మాత్రం దస్తగిరి చెవుల్లో మానలేదు.

పైగా పోయిన నెల సంతలో, ఆ తొమ్మిదిలో ఒకదాన్ని తీసుకుపోయిన ఆదినారాయణప్ప ఎదురై, తన కుక్క రాణి కడుపుతో ఉందని సంబరంగా చెప్పాడు. ఆ రోజు నుంచి దస్తగిరికి తిండి సయించలేదు. తల్లి తోక తీయగలిగాడు గానీ పుట్టబోయే పిల్లల తోకలు ఆపడం అతని తరమా? అవి తోకలు ఊపుకుంటూ పుడితే అబద్ధం బయటపడి ఊరూరా తిరుగుతుంది. తొమ్మిది కుక్కలూ మళ్లీ వీధిలో పడతాయి. ఈసారి ప్రాణానికి బదులు ఇవ్వడానికి వాటి దగ్గర తోక కూడా లేదు.

బండి వాకిట్లో ఆగింది. ఆదినారాయణప్ప వస్తున్నాడంటే ముందు గొంతు వచ్చి, మనిషి ఆ తర్వాత వచ్చేవాడు. ఇవాళ మనిషి వచ్చాడు గానీ గొంతు రాలేదు. రాణి మాత్రం బండిలోంచి దూకి, నేరుగా దస్తగిరి దగ్గరికి వచ్చి, లేని తోకను నడుముతో సహా ఊపింది. ఏ చెయ్యి కత్తి పట్టిందో ఆ చేతినే నాకింది. దస్తగిరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మైమూన్ టీ గ్లాసు తెచ్చింది. ఆదినారాయణప్ప ఇప్పుడొద్దు తల్లీ అని, అరుగు అంచున కూర్చున్నాడు. దస్తగిరి ముఖం చూడటం లేదు. ఇంత పెద్ద ఆసామి తిట్టకుండా కూర్చున్నాడంటే కోపం ఎంత లోతుగా ఉందోనని దస్తగిరికి భయం పట్టుకుంది. నిజం చెప్పి కాళ్లు పట్టుకుందాం, కుక్కల్ని మాత్రం వదలొద్దని అడుగుదాం అనుకున్నాడు.

"అప్పా, నీకొక మాట చెప్పాల."

"ముందు పిల్లల్ని సూడబ్బీ. సూసినంక చెబుదువు."

దస్తగిరి గంప మీది గుడ్డ తీశాడు. పది రోజుల పిల్లలు నాలుగు, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఒకదాన్ని పక్కకు జరిపి చూశాడు. రెండోదాన్ని చూశాడు. మిగతా రెండింటినీ చూశాడు.

ఒక్కదానికీ తోక లేదు.

నెల రోజులుగా గుండె మీద కూర్చున్న బండరాయి ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టయింది. అల్లా ఒక్కోసారి పేదవాడి అబద్ధం మీద కూడా సంతకం పెడతాడేమో అనుకున్నాడు. చెప్పాలనుకున్న నిజం గొంతుదాకా వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"సూస్తివా అప్పా," అన్నాడు. "అసలైన దొరజాతి. నేను చెప్పలా?"

అంటూనే ఒక పిల్లను ఎత్తుకున్నాడు. బొటనవేలు దాని వెనక తగలగానే అది కుయ్యిమంది. ఆ అరుపు దస్తగిరికి తెలుసు. వేలు చూసుకున్నాడు. పచ్చగా ఉంది. పసుపు వాసన, ఆముదం వాసన.

ఆదినారాయణప్ప తల ఇంకా కిందికి వంచి, భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"తప్పు చేసినాను దస్తగిరీ. నేను సేన్లో ఉన్నప్పుడు ఏ వీధికుక్క కలిసిందో ఏమో, నాలుగూ తోకలతోనే పుట్టినాయి. జాతి చెడిందని మా రాణిని యాడ తీసకపోతావో అని, నా చేతుల్తో నేనే కోసేసినా."