ఉబ్బెత్తు పువ్వు

"మళ్ళీ మాడిందండీ," అంది కొత్తావిడ.

టీచర్ కుర్చీలోంచి లేవలేదు. లేచే ఓపిక లేదు. కాగితం కాలిన వాసన బల్ల ఇవతలికి వచ్చేసింది. ఇంక చూసేదేముంది?

"హీట్ గన్ ఒకేచోట పట్టుకుని ఉంటారు."

"మీరు చెప్పినట్టే తిప్పానండీ."

"తిప్పితే ఎందుకు మాడుతుంది?"

రబ్బరు ముద్రలు, సిరా ప్యాడ్లు, రంగు కాగితాలు అమ్మే చిన్న షాపు అది. పైన ఇల్లు. వెనక గదిలో ముద్రలతో కార్డులు చేయడం నేర్పుతుంది టీచర్. ఉబ్బెత్తు బొమ్మలు నేర్చుకుంటామని వచ్చినవాళ్ళంతా రెండు మూడు పూటల్లో పని పట్టుకుని వెళ్ళిపోయారు. ఈవిడ ఒక్కతే మిగిలింది. నెల దాటినా ఇంకా కొత్తావిడే.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. నెమ్మదిగా ఆరే సిరాతో ముద్ర వేయాలి. తడి ఉండగానే దానిమీద పొడి చల్లాలి. ఎక్కువైన పొడిని మడత కాగితంలోకి దులిపి, మళ్ళీ సీసాలో పోసుకోవాలి. ఆనక కాస్త ఎడంగా వేడిగాలి పట్టాలి. పొడి కరిగి, మెరిసి, వేలికి తగిలేలా పొంగుతుంది. అంతే.

కొత్తావిడకి ఒకటి కుదిరితే ఇంకోటి కుదరదు. ఓసారి ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే మెషిన్‌తో ప్రయత్నించి, బంగారు పొడంతా దుప్పట్లకీ దిండ్లకీ పట్టించి వచ్చింది. అది చెప్తే అప్పట్లో క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు.

ఆవిడ మొదటిసారి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే టీచర్‌కి సగం ఓపిక హరించుకుపోయింది. మిగిలిన సగం రోజుకింత ఖర్చవుతూ వచ్చింది.

"అందరికీ అన్నీ రావాలని లేదమ్మా," అని ఒకరోజు చెప్పి చూసింది. "మంచి కార్డు ఒకటి నేనే చేసిస్తాను. పట్టుకెళ్ళండి."

"వద్దండీ. మా అమ్మాయి పుట్టినరోజుకి. నా చేత్తో చేసిందే అయి ఉండాలి."

టీచర్ సగం కూడా నిండని చెత్తబుట్ట తీసుకుని పారబోయడానికి వెళ్ళింది.

కొత్తావిడ ఇప్పుడు ఇంకో కార్డు తీసింది. ముద్రకి సిరా అద్ది, కాగితంమీద ఆనించింది. అంతలో పైన ఎవరో నడిచిన చప్పుడైంది. ఆవిడ చటుక్కున తలెత్తింది, ముద్ర పక్కకి జరిగింది. ఒక పువ్వు కాస్తా రెండు పువ్వులైంది.

"పైన ఎవరండీ?"

"మా పాప. మీరు పని చూడండి."

పాప కొన్నాళ్ళుగా ముభావంగా ఉంటోంది. తను అడిగినదానికి అమ్మ రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అని దాటేస్తోందని అలక. అన్నం దగ్గర కూడా పలకడం లేదు. పైన ఆ పిల్ల, కింద ఈవిడ. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది టీచర్ పని.

కొత్తావిడ కింది పెదవి పంటికింద బిగించి ముద్ర తుడుస్తోంది. రోజూ అన్నం దగ్గర చూసే బిగింపే. టీచర్ చూపు తిప్పుకుంది.

"వచ్చినా రాకపోయినా ఇవాళే ఆఖరండీ. ఇంక మిమ్మల్ని విసిగించను," అంది కొత్తావిడ.

"వస్తే, ఇవ్వడానికి ఎప్పుడు వెళ్తారు?"

తుడిచే చేయి ఆగింది.

"వెళ్ళనండీ."

"మరి ఇంత తాపత్రయం దేనికి?"

"చేసి దగ్గర పెట్టుకుందామని. తనేం దూరంలో లేదు. నాకే మొహం చెల్లదు. తనకోసం ఏనాడూ ఏమీ చేసిన పాపాన పోలేదు. ఇదొక్కటైనా సరిగ్గా చేశాననిపించుకుందామని."

"మీతో వచ్చేయమని అడగరా?"

"హాయిగా ఉన్న పిల్లని ఏ నోటితో అడుగుతానండీ?"

టీచర్ మోకాళ్ళమీద చేతులానించి లేచింది. సొరుగులోంచి చిన్న గుడ్డమూట తీసి బల్లమీద పెట్టింది.

"ముద్ర వేయకముందు కాగితాన్ని దీంతో అద్దండి."

"ఏంటండీ ఇది?"

"సన్నటి పౌడరు. ఇది అద్దకపోతే బంగారు పొడి కాగితానికి ఎక్కడపడితే అక్కడ అంటుకుపోతుంది. అందరికీ మొదటిరోజే చెప్తాను."

"నాకు చెప్పలేదండీ."

"చెప్పలేదు," అంది టీచర్.

కొత్తావిడ ఎందుకని అడగలేదు. మూటతో అద్దింది. ముద్ర వేసింది. పొడి చల్లి దులిపింది. ఈసారి పువ్వు చుట్టూ కాగితం తెల్లగా, శుభ్రంగా మిగిలింది.

టీచర్ ఆవిడ మణికట్టు పట్టుకుని హీట్ గన్ కాస్త వెనక్కి జరిపింది. "అంత ఎడం చాలు. మెరుపు కనబడగానే పక్కకి జరగండి. ఇంకా బాగుపడుతుందని అక్కడే నిలబడితే మాడుతుంది."

ఇసకలా బరకగా ఉన్న పొడి ఉన్నట్టుండి కరిగింది. ఒక రేక మెరిసింది. పక్క రేక మెరిసింది. చివరికి కాడ. బంగారు పువ్వు కాగితంమీంచి పైకి లేచింది.

కొత్తావిడ దాన్ని వేలికొసతో తడిమి చూసుకుంది. కార్డుని కవరులో పెట్టి, ఆ కవరుని సంచీలో పెట్టి లేచింది.

"కూర్చోండి," అంది టీచర్.

"బాగా అలిసిపోయినట్టున్నారు. వెళ్ళొస్తానండీ."

"అలిసిపోయాను. అందుకే కూర్చోమంటున్నాను."

టీచర్ మెట్ల దగ్గరికి నడిచింది. కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత తలెత్తి పైకి పిలిచింది.

"చిన్నీ, కిందికి రామ్మా, నిన్ను కన్న అమ్మ వచ్చింది."