విశ్వానికి బేరం

"గిదేం పటం బిడ్డా? పసుపు ధరలా?"

అఖిల ఉలిక్కిపడింది. నిజామాబాద్ సైన్స్ ఫెయిర్‌లో ఆమె బల్ల ముందు తలపాగా ముసలాయన ఒకడు నిలబడ్డాడు.

అప్పటికే జడ్జీలు ఒకసారి వచ్చారు. అఖిలకు నోరు పెగల్లేదు. "మళ్లీ వస్తాం, అప్పుడైనా మాట్లాడమ్మా. లేకుంటే మార్కులుండవు" అని వెళ్లిపోయారు. పట్టుబట్టి ఆమెను తెచ్చిన పుష్పలత టీచర్ చాయ్ తాగొస్తానని పోయింది, ఇంకా రాలేదు.

"విశ్వం" అని గొణిగింది అఖిల.

"వయసెంత?"

"పదమూడు వందల ఎనభై కోట్ల ఏండ్లు."

"పాత సరుకు. పుచ్చిపోయుంటది."

"పుచ్చలే తాతా. ఇంకా పెరుగుతున్నది."

"ఆకారం? పసుపు కొమ్ము లెక్క పొడుగా, గోళ లెక్క గుండ్రమా?"

"రెండూ కాదు, చదును. ఎంత పెద్ద త్రికోణం గీసినా మూడు కోణాలు కలిపి నూటెనభై డిగ్రీలే."

"గీసి సూసినవా?"

"తొలినాటి వెలుగు ఇంకా వస్తున్నది. సైంటిస్టులు దాన్ని కొలిచి చెప్పిండ్రు."

ముసలాయన గొంతు పెంచాడు. చుట్టూ జనం మూగారు.

"లోపల సరుకెంత?"

"మనకు తెలిసింది నూటికి అయిదు వంతులు. కృష్ణ పదార్థం ఇరవై ఏడు, కృష్ణ శక్తి అరవై ఎనిమిది. గవి ఏందో ఎవలకు తెల్వదు."

"తొంభై అయిదు వంతులు తెల్వదా! పసుపు యార్డుకు గిసొంటి బస్తా తెస్తే తంతరు. ఏ పంతులమ్మ చెప్పిందే నీకు? ఆమెకు తూకం పట్టుడు సుత రానట్టున్నది!"

అఖిలకు ఒళ్లు మండింది. బల్ల వెనక నుంచి ముందుకొచ్చింది.

"మా టీచర్ను ఏమనకు! ఇను తాతా. విశ్వం చదునుగ ఉండాల్నంటే లోపల ఇంత సరుకుండాలని లెక్కున్నది. కనబడేదంత తూకమేస్తే అయిదు వంతులే వచ్చింది. చుక్కలు తిరిగే జోరు సూస్తే కనబడని బరువేదో గుంజుతున్నది. విశ్వం పెరిగే జోరు సూస్తే ఇంకేదో తోస్తున్నది. తెల్వనిది తెల్వదనే చెప్పింది మా టీచర్. మీ యార్డుల ఎవలన్న గట్ల చెప్తరా?"

జనం గొల్లుమన్నారు. వాళ్ల వెనక నిలబడ్డ జడ్జీలు నవ్వుతూ మార్కులు వేసుకున్నారు.

"గీ పోరితోని నాతోని కాదు" అంటూ ముసలాయన జారుకున్నాడు.

సాయంత్రం బహుమతి చంకన పెట్టుకొని, ఆ ముసలాయన మీద టీచర్‌కు చాడీ చెబుదామని అఖిల గేటు దాకా పరుగెత్తింది. టీచర్ స్కూటీ వెనక సీట్లో ఆయనే కూర్చొని ఉన్నాడు.

"నేను తిట్టుమన్నదాని కన్న ఎక్కువనే నన్ను తిట్టినవ్ బాపూ!" అంటోంది టీచర్.