ఈరప్ప లాక్కున్న జబ్బు

ఈరప్ప పిల్లల జబ్బులను తన ఒంట్లోకి లాక్కుంటాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఈ సంగతిని సందేహించినవారు లేరు. ఆధారం కళ్ల ముందే ఉంది. బిడ్డ ముఖానికి జానెడు దూరంలో వంగి, మంత్రం చదివి, మూడుసార్లు ఊదుతాడు. బిడ్డ ఏడుపు మానుతుంది. ఆయన దగ్గుతాడు. ఏటేటా చిక్కిపోతున్నాడు కూడా. ఆయన చొక్కా ఎంత వదులైతే అంతమంది పిల్లలు బాగుపడినట్టు. నందవరం నుంచి సైతం ఆటోల్లో బిడ్డలను తెస్తారు.

నేతగాడు జనార్దన్ కూతురు సునందకు ఐదేళ్లు. పుట్టిన పదకొండో రోజు నుంచి ప్రతి మంగళవారం ఈరప్ప ఊదిన బిడ్డ. ఆమె కుడి మోకాలు వాచింది. ఎరుపు లేదు, వేడి లేదు. తొడ మాత్రం సన్నబడసాగింది. నాలుగు నెలలు ఊదినా వాపు తగ్గలేదు గానీ, ఈరప్ప కుంటడం మొదలుపెట్టాడు.

ఒక వారం కుడికాలు, ఒక వారం ఎడమకాలు. ఇదేమిటని జనార్దన్ అడిగితే, తల్లి అంజనమ్మ వద్ద సమాధానం సిద్ధంగా ఉంది.

"జబ్బుకు కొత్త ఇల్లు గదప్పా. యాడ కూసోవల్నో దానికింకా తెలీలా."

చివరకు సునంద తల్లి నాగవేణి బిడ్డను చంకనేసుకుని ఆదోని బస్సెక్కింది. అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మోకాలి కీలులోంచి సూదితో నీరు తీసి పరీక్షించారు. కీలుకు పట్టిన క్షయ అని తేలింది. కాలు కదలకుండా పట్టీ వేసి, ఏడాదిపాటు రోజూ మాత్రలు మింగించాలన్నాడు డాక్టరు. నడుమ మానితే మోకాలు బిగుసుకుపోయి జీవితాంతం వంగదనీ చెప్పాడు.

మూడు నెలలకు వాపు తగ్గింది. ఆ ఘనత ఎవరికి దక్కిందో చెప్పనక్కరలేదు. మంత్రమూ మాత్రా ఒక ఒంట్లో ఇమడవని ఈరప్ప కబురు పెట్టాడు. అంజనమ్మ మాత్రల డబ్బాను అటక ఎక్కించింది. నాగవేణి రోజూ స్టూలు వేసుకుని దాన్ని దించుతోంది.

ఇంతలో ఆరోగ్య కార్యకర్త కృపమ్మ వచ్చింది. బిడ్డకు దగ్గరగా మసలే పెద్దలందరికీ కళ్లె పరీక్ష చేయాలంది. అంజనమ్మ మొదట ఈరప్ప పేరు రాయించింది. కొడుకు పేరు ఆ తర్వాత. ఈరప్ప కళ్లె డబ్బాను రెండు చేతులా అందుకున్నాడు.

"బిడ్డ జబ్బు నాలో ఉంటే దీంట్లో కనపడాల గదా? కనపడకపోతే ఈ పొద్దునుంచి మంత్రం మానేస్తా."

వారానికి ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఎవరికీ క్షయ లేదు. ఈరప్పకు ఉంది.

వీధి వీధంతా కదిలింది. ఈరప్ప మెడలో పూలదండ పడింది. సర్కారు కాగితమే ఒప్పుకున్నదని దాన్ని జెరాక్స్ తీయించి మగ్గాల ఎదుటి గోడలకు అంటించారు. ఈరప్ప దండ మీదనే దగ్గుతూ అందరికీ నమస్కరించాడు. అంజనమ్మ మాత్రల డబ్బా తెచ్చి కృపమ్మ చేతిలో పెట్టింది.

"ఎత్తుకపో తల్లీ. జబ్బు ఆయప్ప దగ్గరికి పోయినాదని మీరే రాసిచ్చినారు. ఈ మాత్రలు కూడా ఆయప్పకే ఇయ్యి."

నాగవేణి ఆ డబ్బా వైపే చూస్తూ నిలబడింది. ఇంకా తొమ్మిది నెలలు మిగిలి ఉన్నాయి. వాదించడానికి ఆమె వద్ద ఏ కాగితమూ లేదు.

కృపమ్మ డబ్బాను పక్కన పెట్టింది. ఈరప్పకూ వైద్యం మొదలుపెట్టాలి గనుక, ఫోనులోని సర్కారు క్షయ రోగుల జాబితాలో ఆయన ఆధార్ నంబరు నమోదు చేసింది. కొత్త పేజీకి బదులు పాత వివరాలు తెరుచుకున్నాయి. నాగవేణి ఆమె భుజం మీదుగా తేదీ చదివింది.

ఈరప్పకు ఊపిరితిత్తుల క్షయ ఉందని తేలినదీ, రెండు నెలలు మాత్రలు వాడి ఆయన మానేసినదీ, సునంద పుట్టడానికి ఏడాది ముందు.