మొసలి మడుగు దగ్గర

జూలో మొసలికి కోడిని వేస్తుంటే అందరం కంచె మీదికి ఒరిగి చూశాం. వెనక్కి తిరిగితే మార్నీ లేదు.

"నీతోనే ఉందిగా?" అన్నాడు మా ఆయన మిక్, చంటాడిని ఎత్తుకుని.

"నీ పక్కనుందనుకున్నా," అన్నాను. మొసలి మునిగిపోయింది. మడుగులోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తాను. కంగారూల దొడ్డి వెనక, బెంచీ కింద నక్కి కనబడింది. ఐదేళ్ల పిల్ల, ఏడవనైనా ఏడవడం లేదు.

"ఇక్కడ దాక్కున్నావేంటే బంగారం? నా ప్రాణం పోయినంత పనైంది."

"తప్పిపోయాను కదా ఆంటీ. ఇంక నన్ను వేరే ఇంటికి పంపించేస్తారా?"

కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేక, ప్రభుత్వం వాళ్లు మార్నీని పెంపకానికి మాకప్పగించి నెల కూడా కాలేదు. అంతకుముందే మూడిళ్లు మారింది.

"ఎక్కడికీ పంపను. కొంచెం జరుగు," అని నేనూ బెంచీ కిందికి దూరాను.