ఎర్ర రెక్క గొడుగు

మున్నీసా కుట్టుమిషను ఆపి మళ్లీ ఫోను చేతిలోకి తీసుకుంది.

‘కాలవగట్టు కేసు’ సీరియల్, మూడో ఎపిసోడ్, పద్నాలుగో నిమిషం. రేపల్లె స్టేషన్‌లో వాన. ఇన్‌స్పెక్టర్ శవం మీద గుడ్డ తొలగిస్తుంటాడు. వెనకాల ప్లాట్‌ఫాం మీద ఒక ముసలాయన నడిచిపోతాడు. చేతిలో నల్లగొడుగు. ఎనిమిది రెక్కల్లో ఒక్కటి మాత్రం ఎర్రది. గొడుగు అడ్డం, మొహం కనపడదు. మొత్తం నాలుగే సెకన్లు.

ఆ నాలుగు సెకన్ల మీద నెల్లాళ్లుగా ఒకటే రచ్చ.

ఎర్ర రెక్కంటే రక్తం అన్నారు కొందరు. ఎనిమిది రెక్కలంటే ఎనిమిది హత్యలు, అందులో ఇంకొకటి మిగిలుంది అన్నారు ఇంకొందరు. డైరెక్టర్ని అడిగితే “చివరిదాకా చూడండి” అని నవ్వాడు. ఆయనకీ తెలీదని ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

“ఆయనే హంతకుడు” అని మొట్టమొదట రాసింది మాత్రం మున్నీసా. తెనాలిలో ఒక టైలర్ షాపులో జాకెట్లు కుట్టే మనిషి. బాపట్లలో సెల్‌ఫోన్ల షాపు నడిపే వినోద్ కుమార్ పెట్టిన అభిమానుల గ్రూపులో ఇప్పుడు నలభై వేలమంది. మున్నీసా గారి థియరీ అంటే అక్కడ తెలియనివాళ్లు లేరు.

“కుడికాలు కొంచెం ఈడుస్తాడు. గొడుగు ఎడంచేత్తో పడతాడు. డెబ్బై దాటుంటాయి. ఎక్కడ కనిపించినా ఫొటో పెట్టండి” అని రోజూ రాసేది.

షాపులో కొత్తగా చేరిన స్నేహకి ఇదంతా వింత. ఒకరోజు కాజాలు కుడుతూ అడిగింది.

“అక్కా, అసలు అందులో చచ్చిపోయింది ఎవరో చెప్పు చూద్దాం.”

మున్నీసా తడబడింది. “ఎవరో అమ్మాయి.”

“అమ్మాయి కాదు, తాసిల్దారు. పోనీ ఇన్‌స్పెక్టర్ పేరు?”

మున్నీసా సూదిలో దారం ఎక్కించడంలో పడింది.

“బాగుంది. పెళ్లికెళ్లి పెళ్లికొడుకు ఎవరని అడిగినట్టుంది నీ సంగతి.”

ఆదివారం ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్లింది మున్నీసా. ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే ఆయన ఆమె అడక్కముందే నవ్వాడు.

“గొడుగాయన కోసమా అమ్మా? రోజూ పదిమంది దిగుతున్నారు. షూటింగు జరిగింది వానాకాలంలో. ఎవరొచ్చారో, ఎవరెళ్లారో ఎవరు చూశారు?”

సాయంత్రం బండి దాకా ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్ల కాళ్లనే చూస్తూ.

గురువారం గ్రూపులో ఎవరో రాశారు: “అతను యాక్టరే కాదు. షూటింగుకి అడ్డొచ్చిన దారినపోయే దానయ్య. వదిలేయండి.”

రెండువేలమంది నిజమే అన్నారు.

మున్నీసా మిషను ఆపేసింది. వదిలేస్తే వెతకడం ఆగిపోతుంది. ఆగిపోతే ఆయన ఇక దొరకడు. జాకెట్టు పక్కన పడేసి గబగబా టైపు చేసింది.

“దారినపోయేవాడైతే శవం వైపు తల తిప్పకుండా వెళ్తాడా? అంతమంది పోలీసులున్నా ఆగలేదంటే అన్నీ తెలిసినవాడే.”

ఆ ఒక్క ముక్కతో గ్రూపు మళ్లీ భగ్గుమంది.

శనివారం మధ్యాహ్నం ఫొటో వచ్చింది. బాపట్ల స్టేషన్, రెండో ప్లాట్‌ఫాం. బెంచీ మీద ముడుచుకు పడుకున్న ముసలాయన. తల కింద మూట. పక్కన గొడుగు. ఎర్ర రెక్క.

“దగ్గరికెళ్లొద్దు. ఆయన్ని కదిలించొద్దు. నేనొస్తున్నా” అని రాసి, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే వదిలేసి లేచింది మున్నీసా.

“నిజంగా వెళ్తున్నావా అక్కా? సీరియల్ కోసం?” అంది స్నేహ.

మున్నీసా అప్పటికే మెట్లు దిగిపోయింది.

రైలు నిడుబ్రోలు దాటాక ఫోన్‌కి వీడియో వచ్చింది. ముసలాయన చుట్టూ ఇరవైమంది. అందరి చేతుల్లో ఫోన్లు. “ఎవర్ని చంపావు తాతా?” అని ఒకడు. “ఎనిమిదో హత్య ఎప్పుడు?” అని ఇంకొకడు. నవ్వులు. ముసలాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మున్నీసా ఫోను ఆపేసింది. అప్పికట్లలో సిగ్నల్ దొరక్క రైలు ఆగింది. అంతసేపూ ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

బాపట్లలో దిగేసరికి రెండో ప్లాట్‌ఫాం ఖాళీ. వినోద్ కుమార్ ఎదురొచ్చాడు. చేతిలో గొడుగు.

“మున్నీసా గారేనా? ఏమనుకోకండి, మనవాళ్లు ఆగమన్నా ఆగలేదు. సరదాకే అడిగారండి. ఆయన హడలిపోయి కదిలే బండెక్కేశాడు. అదెక్కడికి పోయే బండో కూడా చూసుకోలేదు.”

ఆమె బండి వెళ్లిన పట్టాల వైపు చూసింది.

“పోనీలెండి, క్లూ అయినా దొరికింది” అని గొడుగు అందించాడు.

మున్నీసా గొడుగు విప్పింది. బయట చినుకులు మొదలయ్యాయి. ఎర్ర రెక్క అంచున ఉన్న కుట్టు మీద ఆమె వేలు ఆగింది.

“అదేంటండి, ఏడుస్తున్నారు? హంతకుడన్నది మీరేగా?” అన్నాడు వినోద్ కుమార్.

మసీదు మెట్ల మీది నల్లగొడుగుల్లో తనదేదో మరిచిపోయి తడుస్తూ ఇంటికొచ్చే తండ్రికి, గుర్తుండాలని తన పాత దుపట్టా చించి తానే కుట్టిచ్చిన ఆ రెక్కని తడుముతూ, “తప్పిపోయిన మనిషిని వెతకమంటే రెండేళ్లుగా ఒక్కరూ కదల్లేదు బాబూ, అందుకే హంతకుడన్నాను” అంది మున్నీసా.