రెండు పట్టీలు ఎక్కువ

“ఇంకో పట్టీ వెయ్యి.”

మెకానిక్ బండి కిందనుంచి తల బయటపెట్టాడు. “ఇప్పటికే ఒకటి ఎక్కువేశాను షావుకారుగారూ. కమాన్ కట్ట ఇంకా బిగిస్తే, ఖాళీగా నడిపినప్పుడు మీ నడుముకి వేరే మెకానిక్కుని చూసుకోవాలి.”

“నడుము నాది. నువ్వు వెయ్యి. పదహారు క్వింటాళ్ళెత్తినా వెనక బెత్తెడు కూడా దిగకూడదు.”

“ఎవరి కళ్ళు కప్పడానికో!”

“రేపు బేరముంది. అంతవరకే నీకు.”

గుమ్మడికాయల షావుకారుకు లెక్క తప్పిన రోజు ముద్ద దిగదు. ముప్పై ఏళ్ళలో లాభం చూసుకోకుండా వేలు కదిపిన మనిషి కాదు. మెకానిక్ రెండో పట్టీ కూడా పెట్టి బోల్టులు బిగించాడు.

ఆ మార్కెట్లో గుమ్మడికాయలకు కాటా లేదు. బండి వెనక ఎంత కుంగిందో చూసి కొనేవాళ్ళు బరువు చెబుతారు, అమ్మేవాళ్ళు పెంచుతారు. ఇద్దరూ ఒప్పుకున్న అంకెకు ఆనాటి ధర. అందుకే అమ్మేవాళ్ళెవరూ బండిని కుంగకుండా ఆపే కమాన్ కట్ట జోలికి పోరు. బండి ఎంత కుంగితే వాళ్ళకంత మేలు.

తెల్లారి షావుకారు బండి ముందు కొత్తగా కొట్టు పెట్టిన పిల్ల నిలబడింది. ఆమెకిది తొలి బండి. ఎవరమ్మాయివని అడిగితే చెప్పదు. చుట్టూ హమాలీలు, పాత వ్యాపారులు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఇందులో మునిగితే రేపటినుంచి మార్కెట్లో ఆమెను లెక్కచేసేవాడుండడు. చక్రానికీ తొట్టికీ మధ్య జానతో కొలిచింది.

“పదకొండు క్వింటాళ్ళు.”

“పదకొండా! అవి కళ్ళా, గవ్వలా? పదహారుంది!”

“పదహారుంటే బండి గొంతుక్కూర్చునేది. ఇదింకా నిలబడే ఉంది షావుకారుగారూ.”

హమాలీలు గొల్లుమన్నారు.

“పధ్నాలుగు,” అన్నాడు షావుకారు.

“పన్నెండు.”

“సరే, పదమూడు చేసుకో. పైన నాలుగు కాయలు కొసరేస్తా.”

“కొసరొద్దు. ఎవరి దయా నాకొద్దు. పన్నెండుకి ఇస్తే ఇవ్వండి, లేదంటే పక్క బండి చూసుకుంటా.”

షావుకారు నుదురు కొట్టుకున్నాడు. “తీసుకో తల్లీ, తీసుకో! నట్టేట ముంచావు!”

ఈలలు పడ్డాయి. “పెద్దాయన్నే పడగొట్టింది రా!” అంటూ హమాలీలు కాయలు దించడం మొదలెట్టారు. పిల్ల తల ఎత్తుకుని వాళ్ళ ముందు నడిచింది.

ఆమె కొట్టులోకి వెళ్ళాక పక్క బండి వ్యాపారి వంగి చక్రాల మధ్యకు చూశాడు. “కొత్త పట్టీలా? బుద్ధుందా నీకు? నీ నోట్లో నువ్వే మన్ను కొట్టుకున్నావు కదయ్యా!”

“ముసలితనం. లెక్క తప్పింది,” అన్నాడు షావుకారు. “నీకు పుణ్యముంటుంది, ఎవరితోనూ అనకు. నవ్విపోతారు.”

ఖాళీ బండి గతుకు గతుక్కీ షావుకారును జానెడెత్తు ఎగరేసి కూలేసింది. నడుము కలుక్కుమంటున్నా, దారి పొడుగునా గొంతెత్తి పాడుతూనే ఇల్లు చేరాడు.

భార్య గేటు దగ్గరే ఎదురొచ్చి గుసగుసగా అడిగింది: “మన అమ్మాయికి అనుమానం రాలేదు కదా?”