చప్పుళ్ల ఆట

నోటీసు చదవగానే రిచర్డ్‌కి ఒళ్లు మండిపోయింది. కింద సంతకం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ సంతకం పెట్టిన చెయ్యి పడిపోను!" అని పైకే తిట్టాడు. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఇంతకీ ఏముందయ్యా ఆ కాగితంలో అంటారా? చెప్తే మీకూ మండుతుంది. రైల్వే కంట్రోల్ ఫోన్‌లో పని మాట తప్ప ఇంకో మాట వినబడకూడదట. వినబడితే ఆ మనిషి సస్పెండట. ఇవాళ్టినుంచే అమలట. ఇవాళంటే క్రిస్మస్ ముందు రోజు. పండగ చూసి మరీ వేశారు నోటీసు, సిగ్గూ శరమూ లేకుండా!

ఎనభైల నాటి సంగతి ఇది. కంట్రోల్ ఫోన్ అంటే ఖరగ్‌పూర్ నుంచి చుట్టుపక్కల స్టేషన్లన్నిటికీ కలిపి ఒకటే లైను. ఎవరు రిసీవర్ ఎత్తినా అందరి మాటా వినబడుతుంది. ఆ లైన్ మీద ఎప్పుడో ఓ నలుగురు తెలుగువాళ్లు కలిశారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పట్టుబడితే ఒకరి పేరు ఇంకొకరి నోట రాకూడదని పేర్లూ చెప్పుకోలేదు. గొంతు గుర్తుపట్టకుండా నలుగురూ రిసీవర్‌కి రుమాలు చుట్టి మాట్లాడేవాళ్లు.

వాళ్లది చప్పుళ్ల ఆట. ఒకరు రిసీవర్ దగ్గర ఏదో చప్పుడు చేస్తారు. అదేమిటో మిగతావాళ్లు చెప్పాలి. ఎవరు ఏ చప్పుడుతో మొదటిసారి అందరినీ ఓడిస్తే అదే వాళ్ల పేరు. హిజ్లీ వైపు ఆయన సోడా. ఇంకొకాయన అడకత్తెర. ఒరిస్సా వైపు ఆవిడ జల్లెడ. మన రిచర్డ్ గడియారం. రైలు మాట వచ్చిందంటే నలుగురూ గప్‌చుప్. తీరిక దొరికినప్పుడల్లా చిన్నాచితకా ఆటలు ఆడేవాళ్లు గానీ, పెద్ద ఆట మాత్రం క్రిస్మస్ మధ్యాహ్నమే. దానికోసం ఏడాదంతా కొత్త చప్పుళ్లు దాచుకునేవాళ్లు.

రిచర్డ్‌కి ఆ ఊళ్లో మనసారా నవ్వే మనుషులు ఆ ముగ్గురే. ఎదురుపడ్డవాళ్లంతా మాట తూచి తూచి మాట్లాడేవాళ్లే. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ ఆట పోతే అతనికి పండగే లేదు.

గొడవంతా దసరాల్లో వచ్చింది. కలకత్తా నుంచి ఓ పెద్దాయన, రైలు ఎంత లేటో కనుక్కుందామని లైన్ ఎత్తితే, ఎవరో గరగరమని నీళ్లు పుక్కిలిస్తున్నారట. "ఏమిటా చప్పుడు?" అని అరిచాడాయన. ఆటలోకి కొత్తమనిషి ఎవరో దిగారనుకున్నాడు సోడా.

"తుమీ బోలో దాదా! నువ్వే సెప్పాల!" అన్నాడు.

ఇంకేముంది, కలకత్తా నుంచి ఖరగ్‌పూర్‌కి చీవాట్లు మొదలయ్యాయి. అవి ముదిరి ముదిరి ఈ నోటీసు అయ్యాయి. నీళ్లు పుక్కిలించినందుకు సస్పెన్షన్! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

రిచర్డ్ తలుపు గడియ వేసి, రుమాలు చుట్టి, రిసీవర్ ఎత్తాడు. ముగ్గురూ అప్పటికే లైన్‌లో నిప్పులు కక్కుతున్నారు.

"సూసినావా గడియారం? మన నోట్లో మట్టి కొట్టీసినాడా దొర!" అన్నాడు సోడా.

"సూసినాను. ఒళ్లు మండిపోతంది."

"ఆడికేటి పోయేకాలం! పండగ పూటే దొరికిందేటి?" అంది జల్లెడ.

"ఆడూ మన రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినోడేనట. కుర్సీ ఎక్కీసరికి మన మొకాలు మర్సిపోనాడు," అన్నాడు అడకత్తెర.

రిచర్డ్‌కి ఉక్రోషం ముంచుకొచ్చింది.

"ఒట్టి పిరికోడు! కలకత్తాలో ఒకడు కేకేస్తే ఇక్కడ ఈడు తడిపీసుకుంటాడు. మా వోళ్ల జోలికి రావొద్దని ఒక్క మాట అనడానికి గుండె ఉండొద్దా? తూ, ఆడి బతుకు!"

"బాగా గడ్డి పెట్టినావు!" అని ముగ్గురూ పడీ పడీ నవ్వారు. రిచర్డ్ నవ్వలేదు.

"అయితే రేపు ఆట నేదా?" అంది జల్లెడ. "కొత్త సప్పుడు అట్టేపెట్టినాను. మీరు సచ్చినా సెప్పలేరు."

రిచర్డే అందుకున్నాడు.

"ఈ లైన్ మీద ఒద్దు. దొరికితే మీ ఉజ్జోగాలు పోతాయి. ఆ దొర బంగళాలో మామూలు ఫోనుంది కదా, రేపు మజ్జాన్నం ఒకరి తరవాత ఒకరు దానికి కొట్టండి. పేరు సెప్పకండి. మీ సప్పుడేదో ఆడి సెవిలో పడేసి ఫోను పెట్టీయండి. పండగ పూట ఆడికి ముద్ద దిగకూడదు!"

"ఓలమ్మో! ఆడికి తెలిసిపోతేనో?"

"తెలిసినా ఏటీ సెయ్యలేడు. నాదీ పూచీ."

"మరి నంబరు?"

రిచర్డ్ నంబరు చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకుని మరీ రాసుకున్నారు.

"ఠీక్ హై," అన్నాడు సోడా. "ఆడికి రేపు మామూలుగా ఉండదు. నువ్వేటి ఇనిపిస్తావు గడియారం?"

"నా సంగతి నాను సూసుకుంటాను. మీరు మాత్రం ఒక్కరూ మానకండి," అన్నాడు రిచర్డ్.

మర్నాడు సరిగ్గా భోజనాల వేళకి దొరగారి బంగళాలో ఫోన్ మోగింది. అవతల ఎవరో పాత చెప్పుతో గోడని ఫెడీ ఫెడీ వాయిస్తుంటే, అదేం చప్పుడో తెలిసీ పైకి చెప్పే వీల్లేక, రిసీవర్ చెవికి అదిమి పెట్టుకుని కూర్చున్నాడు నోటీసు మీద సంతకం పెట్టిన రిచర్డ్ దొర.